బదిలీ అయితే కుక్కను ఏం చేస్తారు?

హైటెక్ సిటీ పేరు వినని పల్లె ఇప్పుడు మన వైపు లేదు. ప్రతి సంఘం నుండీ ఇద్దరు ముగ్గురైనా అక్కడ ఉన్నారు. ఒకరు కంప్యూటరు ముందు, ఒకరు అపార్ట్‌మెంటు గేటు దగ్గర, ఒకరు క్యాంటీనులో. అటువంటి మన పిల్లలను పలకరించి, వారితో కలిసి ప్రార్థన చేసి రావడానికి మేము ఏడాదికి రెండుసార్లైనా మాదాపూరు, కొండాపూరు వైపు వెళ్తుంటాము. 2023 డిసెంబరులో, క్రిస్మసుకు ముందు అలా వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది.

మా సంఘపు అబ్బాయి ఒకడు కొండాపూరులో హాస్టలులో ఉంటాడు. సాయంత్రం ఆరింటికి వస్తానన్నవాడు ఎనిమిదైనా రాలేదు. వచ్చేసరికి చేతుల్లో తువ్వాలులో చుట్టిన తెల్లని చిన్న కుక్క. "అయ్యగారూ, ఏమీ అనుకోవద్దు. మెట్రో స్తంభానికి కట్టేసి పోయారు. పొద్దుటి నుండి ఎవరైనా వస్తారేమోనని చూశాము, రాలేదు" అన్నాడు. దాని మెడకు ఖరీదైన ఎర్ర బెల్టు ఉంది. గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. బొచ్చు జడలు కట్టింది. చెవుల వెనుక పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయి.

మాకు మొదట కోపమే వచ్చింది. "నాయనా, మనుషులకే దిక్కులేని ఊళ్లో కుక్కల వెంట పడ్డావా?" అన్నాము. అతడు ఎదురు చెప్పలేదు. "డాక్టరు దగ్గరికి పోవాలి, మీరూ రండి. ఆటోలో మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆటోలో తెలిసిందేమంటే, వీరు పదిమంది దాకా ఉన్నారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు కొందరు, రాత్రి క్యాబు నడిపే డ్రైవరు ఒకరు, రిటైరైన టీచరమ్మ ఒకరు. వీరికి ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఎక్కడైనా ఇటువంటి కుక్క కనబడితే ముందు ఫొటో తీసి అందరి ఫోన్లకూ పంపుతారు. నిజంగా తప్పిపోయిన కుక్కైతే యజమాని వస్తాడని కొన్ని రోజులు ఆగుతారు. ఈలోగా డాక్టరుకు చూపించి, పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించి, రేబిస్ టీకా వేయిస్తారు. ఎవరో ఒకరు తమ గదిలో తాత్కాలికంగా ఉంచుకుంటారు. ఒళ్లు కుదుటపడ్డాక పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించి, అప్పుడు ఇల్లు వెదుకుతారు. ఖర్చంతా సొంత జీతాల నుండే. నెల చివర మా అబ్బాయి ఎందుకు టిఫిను మానేస్తున్నాడో మాకు అప్పుడు అర్థమైంది.

ఈ పని హైదరాబాదుకు కొత్తది కాదు. సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, సినీనటి అక్కినేని అమల గారు బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించి, దెబ్బ తగిలిన పశువులకూ కుక్కలకూ ఆశ్రయం కల్పించారు. ఇంత మేలుజాతి కుక్కలు రోడ్డున పడటం మాత్రం ఈమధ్య పెరిగిందని డాక్టరు దగ్గర కలిసిన అమ్మాయి చెప్పింది. ఆ గుంపును నడిపేది ఆమెనే. పగలు ఉద్యోగం, రాత్రి ఇది.

"వీధిలో పుట్టిన కుక్కకు వీధి తెలుసు అంకుల్. ఇది సోఫా మీద పెరిగింది. రోడ్డు దాటడం రాదు, చెత్తకుండీలో వెదుక్కోవడం రాదు, వీధికుక్కలు దగ్గరికి రానివ్వవు" అంది. 2020లో లాక్‌డౌను వచ్చి అందరూ ఇంట్లో కూర్చుని పని చేసినప్పుడు పొద్దు పోవడానికి చాలామంది కుక్కపిల్లలను కొన్నారట. ఆఫీసులు తెరిచాక ఇంట్లో చూసేవారు లేరు. ఒకరికి అమెరికా ప్రయాణం, ఒకరికి బిడ్డ పుట్టింది, ఒకరిని ఇంటి యజమాని కుక్క ఉంటే ఖాళీ చేయమన్నాడు. కారులో తీసుకుపోయి దింపడం, కారు తిప్పుకుని రావడం.

అసలు ఈ చిన్న కుక్కల మోజు ఎప్పటి నుండి? 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమా మన దగ్గర 'ప్రేమాలయం' పేరుతో తెలుగులో ఆడింది. దానిలో తెల్లకుక్కను చూచి ఊరూరా పమేరియన్లు వెలిశాయి. 2003లో ఒక సెల్‌ఫోను ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగిన పగ్ కుక్క వచ్చాక పగ్‌ల వంతు. మన పల్లెలకూ ఇవి చేరాయి. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పండుగకు పగ్‌ను తెచ్చి "అమ్మా, నీకు తోడు" అని వదిలి పోతాడు. పగ్‌కు ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది గనుక మే నెల ఎండలో ఊపిరి ఆడదు. ఆ సంగతి తల్లికి ఎవరు చెప్పారు?

చట్టం ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పెంపుడు జంతువును దిక్కులేకుండా వదిలేయడం నేరమే. మొదటిసారి చేస్తే జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు. ఆ ఎర్ర బెల్టు ఖరీదు అంతకంటే ఎక్కువే ఉంటుంది. 2017లో కుక్కల పెంపకానికీ అమ్మకానికీ నిబంధనలు వచ్చాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు, ఆడకుక్కను ఏటా ఒక కాన్పు మించి ఈనించరాదు. అయినా పిల్లలు కని కని ఉడిగిపోయిన తల్లికుక్కలు సంచుల్లో కట్టి దొరుకుతూనే ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది.

డాక్టరు పిడుదులు తీస్తున్నంతసేపూ ఆ కుక్క మా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. కోపం ఎటు పోయిందో తెలియదు. "దీన్ని మేము తీసుకుపోతాము. పెద్ద ఆవరణ, మంచి గాలి" అన్నాము. ఆ అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాము. ఆమె సంచిలో నుండి ఒక కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. రోజంతా కట్టేసి ఉంచుతారా? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పశువుల డాక్టరు ఎంత దూరం? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? అన్నిటికీ చెప్పాము. చివరకు, "పాస్టర్లకు బదిలీలు ఉంటాయట కదా అంకుల్. బదిలీ అయితే కుక్కను ఏం చేస్తారు?" అని అడిగింది.

మాకు నోట మాట రాలేదు.

2011లో మాకు బదిలీ అయింది. పాత ఊళ్లో నాలుగేళ్లు పెంచిన గోధుమరంగు నాటుకుక్క ఉండేది. రాజు అని పిలిచేవాళ్లం. ఇంటింటి ప్రార్థనలకు వెళ్తే మా చెప్పుల దగ్గర కాపలా కూర్చునేది. సామాను డి.సి.ఎం.లో ఎక్కించాము. కోళ్లగంపకు కూడా చోటు దొరికింది. కుక్క విషయం వచ్చేసరికి, "ఇక్కడ అలవాటైపోయింది, సంఘస్థులున్నారు, నాలుగు మెతుకులు ఎవరైనా వేస్తారు" అనుకున్నాము. చెరువు కట్ట దాకా బండి వెంట పరుగెత్తింది. పిల్లలు ఏడ్చారు. మేము ముందుకు చూస్తూ కూర్చున్నాము.

రెండు నెలల తరువాత ఒక కూటంలో ఆ ఊరి సంఘపెద్ద కలిశాడు. కొత్త అయ్యగారింటివాళ్లు అన్నం పెడితే ముట్టేది కాదట. ఆదివారం గంట కొట్టగానే గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి వెళ్లే ఒక్కొక్కరినీ చూసేదట. చివరకు ఒక తెల్లవారుజామున మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడిందట. "అయ్యో" అన్నాము, వేరే మాటలోకి దిగాము. ఆ నెలలోనే నమ్మకత్వం గురించి మూడు ఆదివారాలు ప్రసంగించాము.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాము. మందలిస్తుందనుకుంటే, "అయితే ఈ కాగితం ఈ రోజు నింపవద్దు అంకుల్. ఇంట్లో అందరితో మాట్లాడి ఫోను చేయండి" అంది. మా కుమార్తె వయసుకంటే పెద్ద ఎక్కువేమీ ఉండదు.

ఇంట్లో మాట్లాడితే మా ఇంటావిడ, "రాజును తీసుకుపోదామని ఆ రోజే అన్నాను కదండీ" అని ఊరుకుంది. సంఘంలో మాత్రం అందరూ ఒప్పుకోలేదు. ఒక పెద్దమనిషి మనవడిని అంతకు ముందు ఏడాది కుక్క కరిచింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపిన సంగతి ఎవరూ మరువలేదు. "లేఖనాలలో కుక్క అనే మాట చాలావరకు తిట్టుగానే వస్తుంది గదా అయ్యగారూ" అని కూడా ఆయన అన్నాడు. నిజమే. లాజరు కురుపులు నాకినవి కుక్కలేనని చెప్పామే గాని, ఆయన భయాన్ని తీసివేయలేదు. బిడ్డ కాలు చూచినవాడు భయపడతాడు.

అప్పుడు వెనుక చాప మీద కూర్చున్న ముసలమ్మ అంది: "ఊర్లె ఆడకుక్క ఈనితే మొగపిల్లలను ఉంచుకొని, ఆడపిల్లలను సంచిల కట్టి అంగడి కాడ ఇడిసి వచ్చేది మనమే గదా అయ్యగారూ. అయ్యే పెరిగి మందలు మందలు అయితయి." ఎవరూ మాట్లాడలేదు. ఆ సంచి మోయని ఇల్లు మా సంఘంలో తక్కువ.

ఆ పూట కొన్ని సంగతులు చెప్పుకున్నాము. కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టవద్దు. ధారగా పడే నీళ్లతో సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది, ఆ పాత మందును మన దేశంలో 2004తోనే ఆపేశారు. లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేసింది 1885 జూలై 6న గనుక ఏటా ఆ రోజున పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. 2024 జూలైలో మా ఊరి నుండి పదకొండు కుక్కలు ఆటోలో వెళ్లాయి. పెద్దమనిషి తన ఆటో ఇచ్చాడు, తాను మాత్రం దిగి దూరంగా నిలబడ్డాడు.

కుక్కపిల్ల కావాలనుకునే ఇల్లు కొననవసరం కూడా లేదు. 2025 ఆగస్టు 17న హైదరాబాదు నగరపాలక సంస్థవారే బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్కల పిల్లలను దత్తత ఇచ్చే మేళా పెట్టారు.

2024 ఫిబ్రవరిలో ఆ అమ్మాయీ, క్యాబు డ్రైవరూ తెల్లకుక్కను స్వయంగా తీసుకొచ్చారు. ప్రహరీ చుట్టూ తిరిగి చూశారు, గేటు కింద సందు ఉంటే పలక అడ్డం పెట్టించారు. ఇది పమేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్ అని, మన ఎండకు తట్టుకుంటుందని, అందుకే పల్లెకు ఇస్తున్నామని చెప్పారు. పగ్ అయితే ఇచ్చేవాళ్లు కారట. బదిలీ ప్రశ్న ఎదుట మా చిన్నమ్మాయి తన చేతితో "మాతోనే వస్తుంది" అని రాసింది, మేము సంతకం చేశాము. దానికి మల్లి అని పేరు పెట్టుకున్నాము.

2025 మే నెలలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాను డి.సి.ఎం.లో ఎక్కించాము. బీరువాకు చోటు చాలక సంఘానికే వదిలి వచ్చాము. చెరువు కట్ట దాటుతుండగా మల్లి మా ఒడిలో నిలబడి, కిటికీలో నుండి తల బయటపెట్టి వెనుకకు చూస్తూ మొరుగుతూనే ఉంది.