దృష్టి విజ్ఞానము - ఉమ్మడి పరిశోధనశాలల నిర్వహణ

వేయి సంవత్సరముల క్రిందట బస్రాలో జన్మించి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైతమ్ ఒక చీకటి గదిలో సన్నని రంధ్రము గుండా వచ్చు వెలుగును పరిశీలించినాడు. కంటినుండి కిరణములు వెలువడుట వలన గాక, వస్తువులనుండి వచ్చు వెలుగు కంటిలో ప్రవేశించుట వలననే మనము చూడగలుగుతున్నామని ఆయన వాదించినాడు. ఆ పనికి ఒక గది, కొన్ని దీపములు, గొప్ప బుద్ధి చాలినవి. నేటి దృష్టి శాస్త్రజ్ఞునకు బుద్ధి ఒక్కటే చాలదు. అతనికి కావలసిన యంత్రములను ఏ ఒక్క ఆచార్యుడును తన గదిలో నిలుపుకొనలేడు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమునందలి రోచెస్టరు విశ్వవిద్యాలయమును ఉదాహరణముగా తీసుకొందము. అచట 1929లోనే కాంతిశాస్త్ర విద్యాలయము, 1963లో దృష్టి విజ్ఞాన కేంద్రము ఏర్పడినవి. (హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అంతకు మునుపు ఈ విశ్వవిద్యాలయముననే పనిచేసినారు.) సజీవుడైన మనుష్యుని కంటిలోనికి చూచుట సులభము కాదు. కంటి కటకములోని చిన్న లోపముల వలన రెటీనా మసకగా కనబడును. గాలి కదలికల వలన నక్షత్రములు మసకబారుట ఖగోళ శాస్త్రజ్ఞులకు పాత బాధయే. వంగెడి అద్దముతో ఆ మసకను సరిదిద్దవచ్చునని 1953లో బాబ్‌కాక్ సూచించినాడు. ఆ ఉపాయమునే కంటికి మళ్ళించి 1997లో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ అను మువ్వురు రోచెస్టరులో సజీవ నేత్రములోని శంకు కణములను విడివిడిగా చిత్రించినారు. 1999లో రూర్డా, విలియమ్స్ మరియొక వింతను చూపినారు. ఇరువురికి వర్ణదృష్టి సహజముగానే ఉన్నది. అయినను ఒకరిలో దీర్ఘతరంగ శంకువులు మధ్యతరంగ శంకువులకు దాదాపు సమానము, రెండవవారిలో దాదాపు నాలుగు రెట్లు!

ఇట్టి యంత్రమునకు కాంతిశాస్త్రము తెలిసినవాడు, లోహపు పనివాడు, ఎలక్ట్రానిక్సు నిపుణుడు, కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయువాడు అందరును కావలెను. ఒక ప్రయోగశాలకు లోహపు పనివానితో వారమునకు ఒక దినము పని ఉండవచ్చును. ఒక దినపు పనికై నెలజీతము ఎవరిచ్చెదరు? ఈ చిక్కును తీర్చుటకే 1968లో ఏర్పడిన అమెరికా జాతీయ నేత్ర సంస్థ, విడివిడి పరిశోధనలకు ఇచ్చు ధనముతో పాటు, ఒక విశ్వవిద్యాలయమందలి దృష్టి పరిశోధకుల బృందమునకు ఉమ్మడి వసతుల కొరకు వేరుగా గ్రాంటు ఇచ్చుచున్నది. ఈ గ్రాంటు గరిష్ఠముగా ఐదేళ్ళకు మాత్రమే. ఆరవ ఏట అది రాకపోయినచో యంత్రము నిలిచియుండును గాని, దానిని నడుపువాడు వేరొక ఊరికి పోవును. వానితో పాటు యంత్రపు రహస్యములును పోవును. అందువలన గ్రాంటు ఆగిన సంవత్సరమున కొంతకాలము జీతము భరించెదమని విశ్వవిద్యాలయము ముందుగానే వ్రాసి ఇచ్చుట మంచిదని మా అభిప్రాయము.

ఇక వంతుల తగాదా. ముందు వచ్చినవానికి ముందు అను నియమము న్యాయముగా తోచును గాని, ఇచట పనిచేయదు. కంటినుండి వేరుచేసిన రెటీనా కొన్ని గంటలే సజీవముగా నుండును. పరీక్షకు వచ్చిన వ్యక్తి కంటిలో మందు వేసి కనుపాపను విప్పార్చిన పిదప, యంత్రము ఖాళీగా లేదనిన అతడు మరల రాడు. నిలువచేసిన నమూనాలు గలవారు రేపటివరకు ఆగగలరు, వీరు ఆగలేరు. కనుక వంతులను సమయమును బట్టియే గాక, నమూనా స్వభావమును బట్టియు పంచవలెను. వంతు తీసుకొని రానివాడు రుసుము చెల్లింపక తప్పదు.

రుసుము మాట వచ్చినది గనుక దానిని కొంత విపులముగా చెప్పెదము. ప్రభుత్వ ధనముతో నడచు ఇట్టి వసతులు లాభము తీయరాదనియు, వాస్తవ వినియోగమును బట్టి ఖర్చు మాత్రమే రాబట్టవలెననియు, ధరలను కనీసము రెండేళ్ళకొకసారి సరిచూడవలెననియు అమెరికా నియమములు చెప్పుచున్నవి. అసలు రుసుమే లేనిచో అందరును వంతులు వ్రాయించుకొని ఊరకుందురు. రుసుము అధికమైనచో, గ్రాంటు లేని క్రొత్త అధ్యాపకుడు గుమ్మము త్రొక్కడు. ఇంతకంటె ప్రమాదము మరియొకటి కలదు. ధనము గల పెద్ద ప్రయోగశాల విసిగి, తన యంత్రము తానే కొనుక్కొని వెళ్ళిపోవును. అప్పుడు అదే ఖర్చు మిగిలిన కొద్దిమందిపై పడి గంట ధర పెరుగును. ధర పెరుగగానే ఇంకొకరు తప్పుకొందురు. ఉమ్మడి వసతి ఆ విధముగానే క్షీణించును. కావున పెద్ద వినియోగదారుని నిలుపుకొనవలెను గాని, కమిటీని అతని చేతికి అప్పగింపరాదు.

మన కళాశాలలలో ఆపద దీనికి విపరీతము. ఖరీదైన సూక్ష్మదర్శిని పగిలిపోవునను భయముతో బీరువాలో బందీయై, తనిఖీనాడు మాత్రము బయటకు వచ్చును. భయమునకు మందు తాళము కాదు, శిక్షణయు పుస్తకమును. శిక్షణ పొంది సంతకము చేసినవానికే యంత్రము ఇచ్చుట మంచి పద్ధతి. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు వాడినారో, ఏ దోషము కనబడినదో దాని ప్రక్కనున్న పుస్తకములో వ్రాయించవలెను. దోషము వ్రాసినవానికి జరిమానా వేయరాదు, వేసినచో రెండవవాడు వ్రాయడు. దీపము ఎన్ని గంటలు వెలిగినదో ఆ పుస్తకము వలననే తెలియును. మరుసటి ఏటి ధరల లెక్క అక్కడినుండియే మొదలగును.