అక్క పంచిన మూలుగ

పెద్ద ఎముకను విరిచి చూస్తే లోపల మెత్తని గుజ్జు కనిపిస్తుంది. దీనినే మూలుగ అంటారు. మాంసం వండిన రోజున మూలుగ ఎముక కోసం పిల్లలు పోట్లాడుకోవడం చాలా ఇళ్ళలో చూస్తాం. మన శరీరంలో ఈ గుజ్జు చేసే పని సామాన్యమైనది కాదు. రక్తకణాలు పుట్టేది ఇక్కడే. ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. గాయం తగిలినప్పుడు నెత్తురు గడ్డకట్టేలా చేసే ప్లేట్‌లెట్లు పది రోజులకు మించి ఉండవు. పోయినవాటి స్థానంలో కొత్తవాటిని తయారుచేస్తూ ఉండేవి మూలుగలోని మూలకణాలు. అవి చెడిపోతే ఎవరి రక్తం ఎన్నిసార్లు ఎక్కించినా అది తాత్కాలికమే. అప్పుడు మరొకరి మూలకణాలను తెచ్చి నాటవలసి వస్తుంది. ఈ చికిత్సకు దారి చూపిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

రాబిన్ రాబర్ట్స్ అమెరికాలో పేరున్న టెలివిజన్ వ్యాఖ్యాత. మిసిసిపీ రాష్ట్రంలోని పాస్ క్రిస్టియన్ అనే చిన్న ఊరిలో పెరిగింది. నలుగురు సంతానంలో ఆమే చిన్నది. 2007లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, చికిత్సతో నయమైంది. అయితే క్యాన్సర్‌ను చంపే మందులు ఒక్కొక్కప్పుడు మూలుగను కూడా దెబ్బతీస్తాయి. ఆమె విషయంలో అదే జరిగింది. 2012 జూన్‌లో తనకు మూలుగ వ్యాధి వచ్చిందని ఆమె టెలివిజన్‌లోనే ప్రకటించింది. ఆ ప్రకటన విని ఎందరో మూలుగ దాతలుగా పేర్లు నమోదు చేసుకున్నారు.

దాత దొరకడం సులభం కాదు. తెల్లకణాల మీద ఉండే కొన్ని గుర్తులు ఇద్దరిలోను కలవాలి. ఈ గుర్తులు సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. అందుచేత తోబుట్టువులలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. రక్తపు గ్రూపు కలవాలన్న నియమం మాత్రం లేదు. వేరే గ్రూపు దాత కణాలు నాటుకుంటే కొంతకాలానికి రోగి గ్రూపే మారిపోతుంది! రాబిన్‌కు అక్క సాలీ-ఆన్ గుర్తులు చక్కగా కలిశాయి.

చికిత్సకు ముందు తల్లిని చూడాలని రాబిన్ స్వగ్రామం వెళ్ళింది. ఆమె తల్లి లూసిమేరియన్ గొప్ప దైవభక్తురాలు. పిల్లలకు ప్రార్థన నేర్పింది ఆమే. 2012 ఆగస్టు 30న ఆమె కన్నుమూసింది. దుఃఖం తీరకముందే రాబిన్ న్యూయార్క్‌లో ఆసుపత్రిలో చేరింది. సెప్టెంబరు 20న అక్క కణాలు ఆమె శరీరంలోకి చేరాయి.

దీనిని చాలామంది పెద్ద శస్త్రచికిత్స అనుకుంటారు. నిజానికి కోత ఏమీ ఉండదు. ముందుగా బలమైన మందులతో రోగి పాత మూలుగను నశింపజేస్తారు. ఇక్కడి నుండి వెనక్కి మరలే వీలు లేదు. తరువాత దాత కణాలను రక్తం ఎక్కించినట్లే నరంలోకి ఎక్కిస్తారు. ఎముకల లోపలికి దారి అవే వెతుక్కుంటాయి. అవి నాటుకుని కొత్త రక్తం పుట్టించడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. రోగికి అవే గడ్డురోజులు. నోరంతా పూస్తుంది, జుట్టు రాలిపోతుంది, గుటక వేయడమే కష్టమవుతుంది. తెల్లకణాలు లేనందువల్ల చిన్న జలుబు సైతం ప్రాణం మీదికి తేవచ్చు. రాబిన్ సుమారు ఒక నెల ఆసుపత్రిలో గడిపింది. తోబుట్టువులు, స్నేహితులు, ప్రార్థన ఆమెకు తోడుగా నిలిచాయి. దైవం మీద నమ్మకం తనకు బలమిచ్చిందని ఆమె పలుమార్లు చెప్పింది. అయితే మందు వేళకు మందు మానలేదు.

ఇంటికి వచ్చినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. మొదటి వంద రోజులు మిక్కిలి జాగ్రత్తగా ఉండాలి. దాత కణాలు కొత్త ఇంటిని పరాయిదిగా భావించి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేయవచ్చు. చిన్ననాడు వేయించుకున్న టీకాలలో చాలావాటిని మళ్ళీ వేయించుకోవాలి. శరీరం పాత పాఠాలను మరచిపోయిందన్నమాట.

మన దేశంలో ఈ చికిత్స మొదటిసారి 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లో ప్రారంభమయింది. చిత్తూరుకు దగ్గరలో ఉన్నందున ఆ ఊరికి తెలుగువారు ఎప్పుడూ వస్తూనే ఉంటారు.

మన ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. జబ్బుపడి లేచినవారిని పరామర్శించడం మనకు మర్యాద. ఆసుపత్రి నుండి రాగానే బంధువులందరూ పండ్లు పట్టుకుని వస్తారు. రావద్దంటే నొచ్చుకుంటారు. కాని ఈ రోగికి గుంపే శత్రువు. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన ఆహారం పెట్టాలి. నిన్నటి పచ్చడి, కోసి అమ్మే పండ్లు పనికిరావు. గదిలో పూలు కూడా ఉంచరాదు. గుడిలోని తీర్థమైనా, జాతరలోని ప్రసాదమైనా అంతే. అమ్మమ్మ ఆప్యాయంగా చేతిలో పోసిన తీర్థాన్ని కాదనడం ఏ మనుమడికైనా కష్టమే. తీర్థం కళ్ళకద్దుకుని పక్కన పెట్టమని, ప్రార్థన గడప అవతలి నుండి చేయమని పెద్దలే ముందుగా చెబితే ఆ ఇబ్బంది ఉండదు. ఇంట్లో ఎవరికైనా దగ్గు వస్తే, కన్నతల్లి అయినా సరే, దూరంగా ఉండాలి.

దాతకు కలిగే శ్రమ కొద్దిదే. సాధారణంగా నాలుగైదు రోజులు సూదిమందు ఇచ్చి, చేతి నరం నుండి వచ్చే రక్తంలోని మూలకణాలను యంత్రంతో వేరుచేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. తీసిన కణాలు కొద్ది వారాలలోనే మళ్ళీ తయారవుతాయి. కుటుంబంలో దాత దొరకనివారి కోసం 2009లో చెన్నైలో ‘దాత్రి’ అనే సంస్థ ఏర్పడింది. బుగ్గ లోపల దూదితో తుడిచి తీసిన నమూనా ఇస్తే చాలు, పేరు నమోదవుతుంది.

2013 ఫిబ్రవరి 20న రాబిన్ తిరిగి తన కార్యక్రమంలో కనిపించింది. రాలిన జుట్టు అప్పటికి కురచగా మొలిచింది. దానిని దాచకుండానే ఆమె కెమెరా ముందు కూర్చుంది.