శిక్షకుని యుక్తి, ప్రేక్షకుని తీర్పు

గ్రామపెద్దలారా! కొండగట్టు ప్రాంతమున రచ్చబండమీద తీర్పులు విమర్శింపబడునట్లే, పట్టణములందు ఫుట్‌బాలు చూచువారు శిక్షకుని నిర్ణయములను విమర్శింతురు. అట్టి నిర్ణయమొకటి వినుడు.

1962వ సంవత్సరమున జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలందు భారతజట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీము సాహెబు. థాయిలాండుతో ఆడునపుడు, వెనుకవరుసను కాచు జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడెను. తరువాత రహీము సాహెబు ఆతనిని ముందువరుసకు మార్చి ఆడించెను.

ఇది వట్టి తెగింపా? కాదు. కాలేజీ దినములలో జర్నైలు ముందువరుసలో ఆడినవాడే. పైగా వెనుకవరుసలో అడుగు తప్పిన వెంటనే గోలు పడవచ్చును. ముందు తప్పినను వెనుకనున్నవారు దిద్దుకొందురు. ఆతడు సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై నొక గోలు, ఫైనలులో దక్షిణ కొరియాపై నొక గోలు చేసెను. భారతజట్టు 2-1తో స్వర్ణపతకము గెలిచెను.

గెలుపు చూచి మెచ్చుట సులభము. గాయపడినవానిని ఆడించుట తగునా యను ప్రశ్న మాత్రము గెలుపుతో తీరదు. ఓడియుండిన నేమందుము? కావున ఫలము నెంచుటకు ముందు, నిర్ణయించినవానికి అప్పుడు తెలిసినదేమి, ఆతడు చూచుకొన్న కారణమేమి యని విచారింపవలెను. రచ్చబండకైనను, ఆటకైనను న్యాయమైన విమర్శ యిదియే.