మోటారుసైకిలు గొలుసు – పండ్లచక్రములు

మోటారుసైకిలు గొలుసుతో ఆడువారికేమి పనియని మా వ్రాతను జూచి కొందరు నవ్వవచ్చును. ఆ బండిపై వెనుక గూర్చుండునది యెవరు? ఒడిలో బిడ్డను, చేత సంచిని బట్టుకొని, చీరచెఱగు చక్రమువైపు జారకుండ సర్దుకొనుచు కోసులకొలది పోవునది మనమే కదా! శంబరాసురునితో దశరథుడు పోరునప్పుడు రథపుశీల యూడిపోగా కైక తన వ్రేలినే శీలగా నిలిపినదని పెద్దలు చెప్పుచుందురు. వాల్మీకి యీ మాట చెప్పలేదు. ఐనను మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న కథ. ఈ కాలపు బండికి వ్రేలడ్డము పెట్టుట కుదరదు గాని, శీల యూడకమునుపే కనిపెట్టు చూపు మాత్రము వెనుక గూర్చుండువారికి ఉండవలెను.

మా కడప, కర్నూలు సీమలలో బడి యొకయూరను, ఇల్లొకయూరను గల కుటుంబములు పెక్కు. అట్టివారి యిండ్లలో నేటికిని పాత హీరో హోండా బండ్లు పనిచేయుచున్నవి. మన దేశపు హీరో వారును, జపాను హోండా వారును 1984లో కూడి, 1985లో సి.డి. 100 అను బండిని, 1994లో స్ప్లెండరును వెలువరించిరి. 2010 సంవత్సరాంతమున విడిపోవ నిశ్చయించుకొనిరి. పెద్దలు వేరుపడినను బిడ్డలు కలిసి తిరుగునట్లు, రెండు పేర్లను మోయు ఆ బండ్లు మాత్రము మన బాటలపై నింకను దిరుగుచునే యున్నవి. మా యింట నున్నదియు నట్టి స్ప్లెండరే. ఆడపిల్లలు నడుపు గేరులేని స్కూటర్లకు ఈ గొలుసుండదు. లోపల రబ్బరు బెల్టు తిరుగును. వాని సంగతి వేరు.

ఇంజను బలమును వెనుకచక్రమునకు చేర్చునది గొలుసు. ముందొక చిన్న పండ్లచక్రము, వెనుక దానికి సుమారు మూడింతల పెద్దది. అంగళ్లలో వీనిని స్ప్రాకెట్లందురు. ఇట్టి రోలరు గొలుసును 1880లో ఇంగ్లండునందలి మాంచెస్టరు ప్రాంతమున హాన్సు రెనాల్డు అను స్విట్జర్లాండు దేశీయుడు రూపొందించెను. నేతయంత్రములకు గొలుసులు చేయు చిన్న కర్మాగారమును కొని యతడు వ్యాపారము మొదలిడినాడు. వస్త్రములు నేయించిన గొలుసు వంశమే నేడు మన చీరలను మోయుచున్నదన్నమాట.

స్ప్లెండరు గొలుసులో ఒక పిన్నునకును మరియొక పిన్నునకును నడుమ దూరము అర అంగుళము. పిన్నుచుట్టు సన్నని గొట్టము, గొట్టముపై దిరుగు రోలరు. గొలుసు సాగినదని పనివారందురు. ఇనుము రబ్బరువలె సాగునా? సాగదు. పిన్నును గొట్టమును ఒరసికొని యరుగును. ఒక్కొక్క కీలున వెండ్రుకవాసి సందు పెరిగినను, నూరు కీళ్లకు అది లెక్కకు వచ్చును. క్రొత్త గొలుసున 20 కీళ్ల పొడవు 254 మిల్లీమీటర్లు. అది 259కి చేరినచో గొలుసు కాలము తీరినట్లే. పిల్లల బడి స్కేలుతో నైనను కొలిచి చూడవచ్చును.

మా సీమలో ఈ యరుగుదల త్వరగా వచ్చును. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల వైపు నాపరాతి గనుల పొడి. కోవెలకుంట్ల వైపు నల్లరేగడి. ఎండకాలమున రేగడి దుమ్మై లేచును, వానకాలమున జిగురై యంటును. ఈ దుమ్ము నూనెతో గలసి గొలుసులో జేరినచో అది నూనెగా నుండదు, ఇనుమును నూరు ముద్దయగును. చేదత్రాడు మెత్తనిదే; ఐనను బావిగట్టు రాతిని గాడిపడ గోయుచున్నది. ఇక ఇసుక గలిసిన ముద్దకు ఇనుమొక లెక్కయా? స్ప్లెండరునకు గొలుసును కప్పు రేకుపెట్టె యున్నది గాని, దానికుండు రబ్బరు మూత యూడిపోయిన బండ్లే యెక్కువ. ఆ రంధ్రముగుండ దుమ్ము లోనికి బోవును.

వెనుక గూర్చుండువారికి మొదట దెలియునది చప్పుడు. గొలుసు రేకుపెట్టెకు దగిలి కొట్టుకొనును. బండి కదలునప్పుడు నడుము పట్టుకొన్నట్లు కుదుపు. ఎన్నిమార్లు బిగించినను వారము దిరుగకమునుపే వదులు. పెట్టె విప్పించి పండ్లను జూడుడు. క్రొత్త పండ్లు రెండువైపుల సమముగా నుండును. అరిగినవి ఒక ప్రక్కకు వంగి కొడవలి మొనవలె నగును. పెద్దచక్రము వెనుకవైపున గొలుసును వ్రేళ్లతో పట్టి లాగినచో పండ్లనుండి బాగుగా పైకి లేచెనా, ఇక బిగింపులతో పనిలేదు. ఈ పరీక్షలన్నియు ఇంజను ఆపిన తరువాతనే. నడుచుచున్న గొలుసును గుడ్డతో దుడుచువారు గుడ్డతోబాటు వ్రేళ్లను గూడ నిచ్చివేయుదురు.

ఇచ్చటనే అసలు చిక్కు. మా బండిని జూచిన ఒక పనివాడు, ‘‘ఒక లింకు కోసి బిగిస్తే ఇంగా ఆరునెల్లు వస్తాదమ్మా’’ అనెను. మా యింటివారు జీతపు లెక్కలు దలచి సరేయనబోయిరి. మేము వలదంటిమి. లింకు కోసినచో గొలుసు పొట్టిదగును గాని, అరిగిన కీలు క్రొత్తది కాదు. అట్టి గొలుసు నడిబాటలో తెగినచో ముందుచక్రమున జుట్టుకొని ఇంజను పెట్టెను బ్రద్దలు చేయవచ్చును. వెనుకచక్రమును బిగబట్టి బండిని పడవేయనువచ్చును. జమ్మలమడుగు – కోవెలకుంట్ల బాటలో చీకటివేళ బిడ్డతో అట్లు పడినచో మిగిల్చిన రూకలు దేనికి జాలును?

గొలుసొక్కటే మార్చుదమని మరికొందరందురు. అదియు పొదుపు గాదు. వంగిన పండ్లు క్రొత్త గొలుసును విడువక లాగి త్వరలోనే దానిని అరగదీయును. పాత గొలుసు క్రొత్త పండ్లలో సరిగా గూర్చుండక వానిని పాడుచేయును. చిన్నచక్రము పెద్దదానికంటె మూడుమార్లు దిరుగును గనుక దానిపండ్లే ముందుగా నరుగును. గంతకు తగిన బొంత వలె మూడును ఒకే ఈడువై యుండవలెను. అంగడిలో మూడింటిని గలిపి చైన్‌కిట్టు అని యమ్ముదురు. దాని వెల సుమారుగా పెట్రోలు ట్యాంకు నొకమారు నింపుటకగునంత. బండిపేరు, తయారైన సంవత్సరము చెప్పి కొనవలెను. పండ్ల లెక్క బండిబండికి మారును. బండి కంపెనీ సరకు గాకున్నచో చెన్నపట్టణపు డైమండు, కోయంబత్తూరు రోలాను పేరుగలవి; పెట్టెపై ముద్ర చూచి తీసికొనుడు.

బిగించునప్పుడు దగ్గర నుండుట మేలు. ముందుచక్రమును రెండు బోల్టులతో నొక చిన్నపలక పట్టియుండును. ఆ బోల్టులు గట్టిగా బిగిసెనో లేదో యడుగుడు. వెనుకచక్రము విప్పినప్పుడే లోపలి హబ్బు రబ్బర్లను జూపింపుమనుడు. అవి నలిగియున్నచో కుదుపు పోదు, క్రొత్త గొలుసునకును చేటు. గొలుసు రెండుకొనలను గలుపు లాకునకు ఒక చివర మూసి, ఒక చివర తెరచి యుండును. మూసిన చివరయే గొలుసు సాగు దిక్కున నుండవలెను. తారుమారైనచో రాయి దగిలి లాకు ఊడవచ్చును. ఇరుసునకు రెండువైపుల గీతలుండును. రెండుప్రక్కల నొకే గీతకు నిలుపనిచో చక్రము వంకరగా దిరుగును. క్రిందివైపు గొలుసు నడుమ నొక అంగుళము పైకి క్రిందికి ఆడవలెను. మరీ బిగించినచో బేరింగులు పోవును.

పని తొందరలో రేకుపెట్టె క్రిందిభాగమును వదలివేయు పనివారు గలరు. ‘‘అదెందుకక్కా, సప్పుడు చేస్తాది’’ అందురు. చప్పుడు చేసిన చేయనిండు, మరల బిగింపుమనుడు. గొలుసునకు దుమ్ము దగులకుండుట యొకటి, చీరకు గొలుసు దగులకుండుట యొకటి. వెనుకచక్రము ప్రక్కనుండు చీరకడ్డీలును పనివాని దయాధర్మము గావు. వెనుక గూర్చుండువారి వస్త్రములు చిక్కుకొనకుండ చక్రమును సగమునకు దక్కువగాకుండ కప్పు సాధనము, పట్టుకొన కైపిడి, కాలు పెట్టుకొన మెట్టు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 123వ నియమము చెప్పుచున్నది. అందమునకని వీనిని దీయించు కుఱ్ఱవాండ్రకు తల్లులు ఈ మాట చెప్పవచ్చును.

పాత బుల్లెట్టు గలవారికి ఖర్చు కొంత హెచ్చు. ఆ బండ్లలో వెనుక పండ్లచక్రమును బ్రేకుడ్రమ్మును ఒకే పోతగా నుండును; పండ్లరిగినచో డ్రమ్మంతయు మార్చవలెను. కావున వారు గొలుసును మరింత ముందుగానే మార్చుకొనుట లాభము.

క్రొత్త గొలుసు మొదటి కొన్నివందల కిలోమీటర్లలో కుదురుకొని కొంచెము వదులగును, అప్పుడొకమారు బిగింపవలెను. మురికిని కిరసనాయిలులో దడిపిన గుడ్డతో దుడిచి, ఆరిన పిదప 90 నెంబరు గేరునూనె పలుచగా రాచి, మిగిలినదానిని దుడిచివేయవలెను. మా యింట ఆదివారము తలంటుల పిదప ఆ పని. గొలుసు మార్చిన తేదిని, మీటరు అంకెను వంటయింటి క్యాలెండరులో గ్యాసుబండ తేదికి ప్రక్కనే వ్రాసికొంటిమి.