పాత యింటికి ఎస్టిమేటు

కిందటి దసరా సెలవులకు మా మేనల్లుడు ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చినాడు. జంగమకోటెలో ఒక పాత యిల్లు అమ్మకానికి వున్నదట. కొని, బాగుచేయించి, రెండు భాగాలుగా అద్దెకిస్తే ముందు ముందు యింకొకటి, దానిమీద మరొకటి కొనవచ్చునట. కాగితంలో మూడే అంకెలు. కొనుగోలు 18 లక్షలు, మరమ్మతు 4 లక్షలు, అద్దె నెలకు 14 వేలు. అడుగున రెండు గీతలు గీచి ‘లాభం’ అని కూడా వ్రాసుకొన్నాడు.

పిల్లవాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ కూడబెట్టినది 7 లక్షలు. తక్కినది బ్యాంకు ఇస్తుంది, చాలకపోతే అమ్మ నగలున్నవి. “అమ్మ ఒప్పుకొన్నది మామా” అన్నాడు. ఆ మాట వినబట్టే నేను కళ్ళద్దాలు తుడుచుకొని ఆ కాగితం ముందు కూర్చున్నాను. మా అక్క కొడుకు అడిగితే కాదనే మనిషి కాదు. కాదనవలసిన పని నాపైన పడినది.

జంగమకోటె మన పాఠకులలో చాలమందికి తెలిసిన వూరే. శిడ్లఘట్ట తాలూకాలో హోబళి కేంద్రం. మల్బరీ తోటలు, పట్టుగూళ్ళు, ఇంట తెలుగు, సంతలో కన్నడం. 2007లో చిక్కబళ్ళాపురం కోలారు నుంచి విడివడి జిల్లా అయినది. 2008 మే నెలలో దేవనహళ్ళి వద్ద విమానాశ్రయం తెరిచినారు. నాటినుంచి విజయపుర దారి వెంబడి స్థలాల ధర వింటే ముసలివాళ్ళు నమ్మరు. ఈమధ్య పరిశ్రమల కోసమని ఈ హోబళిలో భూసేకరణ తలపెట్టడం, రైతులు ఎదురుతిరగడం కూడా పత్రికలలో చూసినాము. ఇటువంటి చోట యింటి ధరలో సగం యింటిది, సగం పుకారుది. పుకారుకు అద్దె రాదు గనుక ఆ సగాన్ని కొనేవాడు తన జేబునుంచే మోయవలె.

మరునాడు యిద్దరమూ పోయి యిల్లు చూసినాము. 8 చదరాల యిల్లు, అనగా 800 చదరపు అడుగులు. మట్టి గోడలపైన సున్నపు గార, పైన రాతిబండల కప్పు. మన సీమలో రాయికి కొదువ లేదు గనుక పెద్దలు దూలాలకు బదులు రాతి స్తంభాలు నిలిపి బండలు పరిచేవారు. చూడను ముచ్చటగా వుంటుంది. మేనల్లుడు సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకొంటుంటే, నేను వెంట తీసికొని పోయిన మేస్త్రీ మాత్రం తలెత్తి కప్పునే చూస్తూ నిలుచున్నాడు. మూడు చదరాల మేర బండలు పగిలి, ఎవరో యినుప పట్టాలు ఆనించి వున్నారు. మిగిలిన చోట సందులలో గార పోయి వాన జాడలు గోడలమీదికి దిగినవి.

క్రింద గోడకు నడుము ఎత్తు సిమెంటు పూసి వున్నది. అమ్మేవారు అది మరమ్మతు అన్నారు. అది అసలు జబ్బు. మట్టి గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతూ వుంటుంది. సిమెంటు దాని ముక్కు మూసివేస్తుంది. చెమ్మ బయటకు రాలేక పైకి ప్రాకి గోడను లోలోపలే గుల్ల చేస్తుంది. ఇటువంటి గోడకు సున్నం, సుర్ఖీ కలిపిన గారే సరిపడుతుంది. సుర్ఖీ అనగా కాల్చిన ఇటుక పొడి. దీనిని నాటుపద్ధతి అని చప్పరించనక్కరలేదు. 1911లో మొదలుపెట్టి కట్టిన కన్నంబాడి ఆనకట్టకు వాడినది సున్నమూ సుర్ఖీయే. ఆ పనిలో ముఖ్యులైన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మన జిల్లా ముద్దేనహళ్ళిలో, మన భాష మాట్లాడే యింట పుట్టినవారే.

ఇక ఎస్టిమేటు. మేనల్లుడు చదరానికి 50 వేలు చొప్పున 8 చదరాలకు 4 లక్షలు వేసినాడు. క్రొత్త యింటికి చదరం లెక్క కొంతవరకు నప్పుతుంది. పాత యింటికి నప్పదు. ఎందుకంటే ఒక గదిలో చేయవలసినది సున్నం కొట్టడమే, ప్రక్క గదిలో కప్పు దించి మళ్ళీ వేయవలె. పాత యింటిని పనిపనిగా కొలవవలె. మేస్త్రీ టేపు పట్టినాడు, నేను వ్రాసినాను.

పగిలిన మూడు చదరాల బండలు దించి కాంక్రీటు కప్పు వేయడానికి 1,35,000. ఇందులో మోసపోకుండా వుండటానికి ఒక గుర్తు చెబుతాను. అయిదు అంగుళాల మందాన చదరం కప్పుకు తొమ్మిది పది బస్తాల సిమెంటు, దాదాపు ఒక క్వింటాలు ఇనుము పడుతుంది. ఎవరైనా ఆరు బస్తాలతో ముగిస్తానంటే పొదుపు అనుకోకండి. సిమెంటు పైన పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 28 నుంచి 18కి తగ్గినది గనుక పాత కొటేషన్లు చూపితే మళ్ళీ అడగండి. మిగిలిన అయిదు చదరాల సందులు తవ్వి గార పోయడం 60,000. గోడలు 95,000. కరెంటు వైరింగు మొత్తం మార్చడం 80,000. నీటి గొట్టాలు, రెండు భాగాలకు రెండు స్నానపు గదులు, మరుగుదొడ్లు, సెప్టిక్ గుంత 1,70,000. తలుపులు, కిటికీలు 70,000. నేల, సున్నం, రంగులు 80,000.

కూడితే 6,90,000. ఇవి ఆనాడు మా మేస్త్రీ చెప్పిన ధరలు. మీ వూరి ధరలు మీరే విచారించుకోవలె. దీనిపైన నూటికి 20 వంతులు వేరుగా పెట్టమన్నాను. “అదెందుకు మామా, అన్నీ వ్రాసినాము గదా?” అన్నాడు. కనబడినవి వ్రాసినాము. గార చెక్కిన తరువాత కనబడేవి, బండ దించితే దాని క్రింది గోడ చెప్పే సంగతులు ఇంకా వ్రాయలేదు. ఆ 1,38,000తో మొత్తం 8,28,000. పిల్లవాడి నాలుగు లక్షలకు రెట్టింపు దాటినది.

ఆ కాగితంలో లేనివి ఇంకా వున్నవి. పల్లె ప్రాంతంలో స్టాంపు సుంకం, దానిమీది సెస్సు, సర్‌చార్జీ కలిసి నూటికి 5.65. రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 1 పోయి 2 అయినది. వెరసి 7.65. పద్దెనిమిది లక్షలకు 1,37,700. మొత్తం పెట్టుబడి 27,65,700కు వచ్చి నిలిచినది.

పత్రాల మాట ముందే చెప్పవలసినది, మేస్త్రీ ధోరణిలో పడి మరచినాను. పంచాయతీ యింటికి ఈ-స్వత్తులో ఫారం 9, ఫారం 11-ఎ వున్నవా, లేక 11-బి యా అని మొదట చూడండి. 11-బి వాటిమీద అప్పు ఇవ్వడానికి బ్యాంకులు సాధారణంగా వెనుకాడుతవి. తాతలనాటి యిల్లయితే వంశవృక్షం అడగండి. ఆడబిడ్డలకు సమాన భాగం కర్ణాటకలో 1994 నుంచే వున్నది, 2005లో దేశమంతటికీ వచ్చినది. ఆ యింటికి సంబంధించి అన్నదమ్ములు ముగ్గురు సంతకాలకు సిద్ధంగా వున్నారు. అక్కచెల్లెళ్ళు ఇద్దరిని ఎవరూ అడిగినట్లు లేదు.

అప్పు సంగతి. ముప్పది లక్షలలోపు గృహరుణానికి ఆస్తి విలువలో నూటికి 90 వరకు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇవ్వవచ్చును అన్నది ఇచ్చితీరుతారని కాదు. విలువ కట్టేది బ్యాంకు మనిషి, మన బేరం కాదు. పైగా ఇంటి ధర పది లక్షలు దాటితే స్టాంపు ఖర్చులను ఆ విలువలో చేర్చరు. మట్టి గోడల యింటిని చూచి వారు 12 లక్షలే ఇస్తామన్నారు. నూటికి 9 వడ్డీతో పదిహేనేళ్ళకు నెల వాయిదా 12,171 రూపాయలు. పని సాగే అయిదు నెలలూ అద్దె రాదు గాని వాయిదా ఆగదు. ఆ 60,855 కూడా కాగితంలో లేదు.

బ్యాంకు పోను చేతినుంచి 15,65,700 కావలె. వున్నది 7. మిగిలిన 8,65,700కు అక్క నగలు, ఒక చీటి అన్నాడు. నగల అప్పు సాధారణంగా ఏడాదిలో తీర్చవలసినది. అద్దె పదిహేనేళ్ళపాటు చుక్కచుక్కగా వచ్చేది. ఏడాది అప్పును పదిహేనేళ్ళ రాబడితో తీర్చబోతే నడుమ నగలు వేలానికి పోతవి. చీటి ముందుగా పాడుకొంటే తగ్గించుకొన్న సొమ్మే వడ్డీ. 5 లక్షల చీటి 3,75,000కు పాడినవాడు ఆ లక్షా పాతికవేలకు పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. అద్దెకు వచ్చేవారిచ్చే అడ్వాన్సును కూడా మరమ్మతుకు వాడుకొంటానన్నాడు. అది వారు ఖాళీ చేసిన నాడు లెక్కపెట్టి ఇవ్వవలసిన సొమ్ము.

ఇప్పుడు రాబడి. ఏటికి ఒక నెల ఖాళీ అనుకొంటే 14 వేలు చొప్పున 11 నెలలకు 1,54,000. పంచాయతీ పన్ను, చిల్లర మరమ్మతులు 20 వేలు పోగా 1,34,000. బ్యాంకు వాయిదాలే ఏడాదికి 1,46,000 పైమాట. పన్నెండు వేలు ఎదురు కట్టుకోవలె, నగల వడ్డీ వేరు. ఆదాయపు పన్నులో అద్దెమీద నూటికి 30 వంతులు మరమ్మతుల కింద మినహాయిస్తారు, నిజమే. దానితో ఈ గుంత పూడదు. పెట్టిన 27 లక్షల పైచిలుకుకు రాబడి నూటికి 5 కూడా లేదు. తెచ్చిన అప్పుకు 9. వాడికి ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసి చూపినాను. చాలసేపు మాట్లాడలేదు.

“అయితే ఎంతకు కొనవచ్చు మామా?” అని చివరకు అడిగినాడు. ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టవలసినది. లెక్కను వెనుకనుంచి నడపవలె. కనీసం నూటికి 6 రావలెనంటే 1,34,000 రాబడికి మొత్తం ఖర్చు 22,33,000 దాటకూడదు. అందులో మరమ్మతు 8,28,000 తీసివేసి, మిగిలినదానిలో రిజిస్ట్రేషన్ ఖర్చు విడదీస్తే యింటి ధర 13 లక్షలు. పోయి అడిగినాము. వారు కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపినారు.

తిరిగి వచ్చే దారిలో వాడికే తోచినది. మా అక్క యింటి పెరటిలో పట్టుపురుగులు పెంచిన పెద్ద గది ఒకటి కొన్నేళ్ళుగా తాళం వేసి వున్నది. మేస్త్రీని మళ్ళీ పిలిచినాము. వంటకు అడ్డుగోడ, స్నానపు గది, వైరింగు, వేరు దారి, 20 వంతుల అదనంతో 3,40,000. పని మేరకే విడతలుగా డబ్బు ఇచ్చినాము. మేస్త్రీ ముందే సగం అడిగినాడు, మా అక్క ఇవ్వనీయలేదు. చివరకు 3,22,000తో ముగిసినది. సంక్రాంతి తరువాత ఒక చిన్న కుటుంబం నెలకు 5 వేలకు వచ్చి చేరినది. బ్యాంకు గడప ఎక్కలేదు. నగలు బీరువాలోనే వున్నవి.

జంగమకోటె యిల్లు వేరొకరు కొన్నారు. మొన్న ముంగారు వానల తరువాత ఆ దారిన పోతూ మేనల్లుడు బండి ఆపినాడు. బయట గోడకు క్రొత్త రంగు వేసి వున్నది. కప్పు బండలు మాత్రం ఎప్పటివలెనే వున్నవి, సందులకు సిమెంటు పూసినారు. లోపల ఎట్లా వున్నదో అని వాడు తొంగి చూడబోతే నేనే వద్దని పిలుచుకొని వచ్చినాను.