మినుముల బస్తా కాటాకు పోవుటకు ముందు

వరికోతకు ముందు తేమ యారని మడిలో చల్లిన మినుములు, పెసలు మాఘ ఫాల్గుణములలో ఇల్లు చేరును. టెక్కలి, పలాస ప్రాంతముల పల్లపు పొలములలో వరి తరువాత రైతుచేతికి వచ్చు రెండవ రాబడి యిదియే. ఆ రాబడికై కళ్లములోనే బస్తాలు కట్టి పంపివేయుదురు. శ్రావణము నాటికి ఆ రైతే అంగడికి పోయి కిలో, అరకిలోగా పప్పు కొనితెచ్చుకొనును. అమ్మినది బస్తా ధరకు, కొన్నది చిల్లర ధరకు. నడుమనున్న మరకూలి, బండిబాడుగ, వర్తకుని లాభము అన్నియు మనమే యిచ్చుకొనుచున్నాము. అంతకన్న పెద్దనష్టము ధర హెచ్చిన నెలలలో వంటయింట జరుగును. పప్పు పలుచనై చారగును. చారు చింతపండు నీరగును. పిల్లవాని కంచమున అన్నము మాత్రమే నిలుచును.

లెక్క వేసి చూడుడు. మనిషికి దినమునకు 50 గ్రాముల చొప్పున అయిదుగురున్న ఇంటికి 250 గ్రాములు. ఏడాదికి 91 కిలోలు. అనగా ఒక్క క్వింటాలు బస్తాకు లోపలనే. జీడిపిక్కల 80 కిలోల బస్తా నేడెంత పలికెనో తడుముకొనక చెప్పువారు మనలో పెక్కురు గలరు. ఇంటనున్న పప్పు ఎన్ని నెలలకు చాలునని యడిగిన వారే ఇల్లాలి వంక చూచెదరు!

పప్పు లేని యన్నము కడుపు నింపునే కాని కండ పెంచజాలదు. తెల్లబియ్యమున 100 గ్రాములకు మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు మాత్రమే. మినుము, పెసర, కంది, ఉలవలలో ఇరువది గ్రాములకు పైగా నుండును. అంతియే కాదు. బియ్యమున కొరతగానున్న లైసీన్ అను సారము పప్పులలో మెండు. పప్పులలో కొరవడిన మితియొనీన్ బియ్యమున గలదు. కావుననే పులగము, ఇడ్డెన, పప్పన్నము ఒకదాని లోటు నొకటి తీర్చును.

నిలువచేసిన పెసలు, మినుములు పుచ్చునని కొందరి భయము. భయము నిజమే. అయినను పంటికింద పటుక్కుమని విరుగునంతవరకు ఎండబెట్టి, చల్లార్చి, కిలోకు ఒక చిన్నచెంచాడు వంటనూనె పట్టించి, గాలి చొరని డబ్బాలో పోసిన పురుగు గ్రుడ్లు నిలువవు. పది ఇండ్లవారు కలిసి ఒక్కనాడే మరకు కొనిపోయిన బాడుగ తగ్గును. పొట్టుపప్పునకు ఇంటి తిరుగలి చాలును.

ఇక ఉలవల మాట. ఎద్దుల దాణా యని వీనిని చిన్నచూపు చూచువారున్నారు. ఎద్దునకు దుక్కి దున్నుటకు చాలిన గింజ దున్నించువానికి తగదనుట వింత గదా! రాళ్లేరి, రాత్రి నానవేసి, నాలుగింతల నీటిలో సన్నని సెగను మెత్తబడువరకు ఉడికింపవలెను. వార్చిన కట్టులో చింతపండు, ఉల్లి, మిరప, చిటికెడు బెల్లము వేసి చిక్కబడ మరిగించి పోపు పెట్టిన రెండుపూటలకు చారు. సత్తువ యంతయు కట్టులోనే దిగెనని తలచి గింజను పశువులకు వేయుట పొరపాటు. మాంసకృత్తులలో హెచ్చుభాగము గింజయందే యుండును. ఆ గుగ్గిళ్లకు ఉప్పు, మన ఉద్దానపు కొబ్బరికోరు కలిపి బడినుండి వచ్చిన పిల్లలకు పెట్టుడు. గిన్నె ఖాళీ యగును.

చోళ్లలో సున్నపు సారము 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు దగ్గరగా నుండును. తెల్లబియ్యమున పదికి అటునిటు. పిండిని రాత్రి నీట కలిపి పులియనిచ్చి, మరునాడు నూకలు ఉడుకుచుండగా పోసి, ఉండకట్టకుండ కలియబెట్టిన అంబలి సిద్ధము. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చాలును.

కూరలకు తోటయే యున్నది. 2018 అక్టోబరు 11న పలాసకు చేరువను తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడి, పనసలను కూల్చివేసినప్పుడు పోయినది రొక్కపు పంట మాత్రమే కాదు, పెరటిలోని కూరగంపయు. తిరిగి నాటినచోట అంచున ఒక పనసయు, రెండు మునగలును ఇంటికై విడువదగును. లేతపనస పొట్టు కూరకు ఆవముద్దను దించిన పిదపనే కలుపవలెను. పొయ్యిమీద కలిపిన చేదెక్కును. పనసగింజలు తోటకూరతో, మునగాకు పెసరపప్పుతో చక్కగా పొసగును. పప్పులు, ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనముతోడనే టీ త్రాగుట దానికి అడ్డు.

ఒక్క హెచ్చరిక. పై మాటలు ఆరోగ్యవంతులకు. ఉద్దానమున పెక్కు కుటుంబములను పీడించు మూత్రపిండ వ్యాధి గలవారికి ఇవి యట్లే వర్తింపవు. పప్పు, చోళ్లు, ఆకుకూర, కొబ్బరినీరు కొందరు రోగులకు హాని చేయవచ్చును. కొందరు కొంత తినవచ్చును. ఇది రక్తపరీక్షనుబట్టి వైద్యుడు నిర్ణయింపవలసినదే కాని పొరుగువారు చెప్పదగినది కాదు. ఈ వ్యాధికై పలాసలో 2023 డిసెంబరున ప్రత్యేకముగా ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభింపబడినవి. అట్టి రోగి ఇంటనున్నచో వైద్యుడు చెప్పిన కొలతలు కాగితముపై వ్రాయించి వంటయింటి గోడకు అంటింపుడు. కూరలో ఉప్పు వేయుటకు ముందే ఆయన పాలు వేరు గిన్నెలోనికి తీయుడు.