రాష్ట్రం దాటిన కళాశాలపై అజమాయిషీ ఎవరిది?

అమెరికాలో కళాశాల నడపడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. చదువు నాణ్యతను గుర్తింపు సంస్థలు చూసుకుంటాయి. విద్యార్థులకు అందే ఆర్థిక సాయం ఫెడరల్ విద్యాశాఖ చేతిలో ఉంటుంది. తరగతి గది ఒక ఊళ్లో కదలకుండా ఉన్నన్నాళ్లూ ఈ ఏర్పాటుతో పెద్దగా పేచీ రాలేదు. ఆన్‌లైన్ చదువులు పెరిగాక వచ్చింది. అరిజోనా విశ్వవిద్యాలయం చెప్పే పాఠాన్ని ఒహాయోలో ఇంట్లో కూర్చుని వినే విద్యార్థికి అన్యాయం జరిగితే పట్టించుకోవలసింది ఏ రాష్ట్రం?

విద్యార్థి ఉన్న రాష్ట్రం విధించే షరతులను కళాశాల పాటించి తీరాలని, లేకుంటే ఫెడరల్ సాయం దక్కదని విద్యాశాఖ 2010లో నియమం తెచ్చింది. ప్రజాభిప్రాయం సరిగా కోరలేదన్న కారణంతో కోర్టులు దాన్ని కొట్టేశాయి. అయినా రాష్ట్రాల సొంత చట్టాలు ఎక్కడికీ పోలేదు. ఒక రాష్ట్రం పైసా అడగదు. మరొకటి కోర్సుకింత అని వసూలు చేసి, పైగా పూచీకత్తు బాండు కూడా కోరుతుంది. యాభై రాష్ట్రాల్లో విద్యార్థులున్న చిన్న కళాశాలకు ఫీజుల కంటే దరఖాస్తుల చాకిరీయే భారమైంది.

ఆ చిక్కు విప్పడానికే 2014లో రాష్ట్రాల మధ్య పరస్పర అంగీకార ఒప్పందం అమలుకు వచ్చింది. మొదట చేరింది ఇండియానా. కాలిఫోర్నియా తప్ప తక్కిన రాష్ట్రాలన్నీ క్రమంగా చేరాయి. కళాశాల తన సొంత రాష్ట్రం ఆమోదం పొందితే చాలు, తక్కిన సభ్య రాష్ట్రాల్లో విడివిడిగా అనుమతి అక్కర్లేదు. ఒప్పందాన్ని నడిపే జాతీయ మండలి ఆరంభంలో విద్యార్థుల సంఖ్యను బట్టి ఏడాదికి 2,000, 4,000, 6,000 డాలర్ల ఫీజు పెట్టింది. సొంత రాష్ట్రం దానిపై తన ఫీజు వేసుకోవచ్చు.

ఖర్చు తగ్గింది, నిజమే. ఆ మేరకు విద్యార్థి ఉన్న రాష్ట్రం పట్టు కూడా సడలింది. ఫిర్యాదు ముందు కళాశాలకు, అక్కడ తేలకపోతే కళాశాల ఉన్న రాష్ట్రానికి వెళ్లాలి. మోసాలను అరికట్టే సాధారణ చట్టాలను ఏ రాష్ట్రమైనా ప్రయోగించవచ్చు. కళాశాలల కోసమే ప్రత్యేకంగా చేసిన కఠిన నిబంధనలను మాత్రం బయటి సభ్య సంస్థలపై రుద్దడానికి వీల్లేదు. వినియోగదారుల సంఘాల అభ్యంతరం ఇక్కడే. అది తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. లాభాపేక్షతో నడిచిన కళాశాల సంస్థలు కొరింథియన్ 2015లో, ఐటీటీ టెక్ 2016లో మూతపడి వేలమందిని నడిమధ్య వదిలేశాయి.

భారతదేశం ఈ ప్రశ్నను మరోలా తేల్చింది. 2002 నాటి ఛత్తీస్‌గఢ్ చట్టం కింద పుట్టుకొచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలను సుప్రీంకోర్టు 2005లో యశ్‌పాల్ కేసులో రద్దు చేస్తూ, రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రం వెలుపల కేంద్రాలు తెరవకూడదంది.

అమెరికా ఒప్పందం వృత్తి లైసెన్సుల జోలికి పోలేదు. నర్సింగ్, ఉపాధ్యాయ శిక్షణ వంటి కోర్సులు ఎక్కడ చదివినా, ఉద్యోగం చేయబోయే రాష్ట్రంలోని లైసెన్సు బోర్డు ఒప్పుకుంటేనే ఆ పట్టా అక్కడ పనికొస్తుంది.